పాటకు పీఠము వేసిన ప్రజలు

వేల్సు దేశపు ఉత్తరభాగమున, డీ అను నది యొడ్డున, లాంగోలెన్ అను చిన్న పట్టణము గలదు. చుట్టును కొండలు, నడుమ నదిపై ప్రాచీనమైన రాతివంతెన. జనసంఖ్య కొలది వేలు మాత్రమే. మన మండల కేంద్రములలో ననేకములు దానికంటె పెద్దవి. అట్టి యూరికి ఏటేట జూలై మాసమున భూమండలపు నలుమూలలనుండి గాయకులును నర్తకులును వచ్చి, ఎవరి వేషములతో వారు వీధులలో నూరేగి, ఎవరి భాషలో వారు పాడి, పోటీలలో పాల్గొని పోవుదురు. ఆ యుత్సవమునకు అంతర్జాతీయ సంగీత ఐస్తెద్వొద్ అని పేరు. ఇది 1947వ సంవత్సరమున ఆరంభమైనది.

ఇంత చిన్న యూరు లోకమంతటిని అతిథిగా పిలువ నెట్లు సాహసించినది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న, ముందుగా ఆ పేరును, ఆ పేరు వెనుకనున్న చరిత్రను తెలిసికొనవలెను.

వేల్సు వారి భాషలో “ఐస్తెద్” అనగా కూర్చుండుట. “బోద్” అనగా ఉండుట. రెండును గలియగా బకారము వకారమై “ఐస్తెద్వొద్” అయినది. కవులును గాయకులును కూర్చుండు సభ అని తాత్పర్యము. బకారము వకారమగుట చూచి మన విద్యార్థులు ఆశ్చర్యపడ నక్కరలేదు. “వాడు కొట్టె” అనునది “వాడుగొట్టె” అగుటను మనము గసడదవాదేశమని వ్యాకరణమున చదువుచున్నాము గదా! ఆ భాషయందును పదము మొదటి క, ప, త లు కొన్ని తావుల గ, బ, ద లగును. “కాథ్” అనగా పిల్లి. “ఆ పిల్లి” అనవలసినపుడు “గాథ్” అనవలెను. ఈ సూత్ర మెరుగని పరదేశి నిఘంటువులో “గాథ్” కొరకు వెదకి వెదకి విసిగిపోవును. రెండు భాషలకును చుట్టరికమేమియు లేదు. మన పాఠము వారికిని, వారి పాఠము మనకును కొంత సులువుగా నుండునని మాత్రమే చెప్పుచున్నాను.

ఈ సభలలో చరిత్రకెక్కిన మొదటిది 1176వ సంవత్సరమున జరిగినది. దక్షిణ వేల్సును ఏలుచుండిన రీస్ ప్రభువు కార్డిగన్ కోటలో దానిని జరిపించెను. ఒక సంవత్సరము ముందుగనే వేల్సునందే గాక ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశములందును చాటింపు వేయించెనట. కవులకొక పోటీ, వాద్యగాండ్రకొక పోటీ. గెలిచిన యిరువురకును రెండు పీఠములు. కవిత్వమున ఉత్తరదేశపు వాడును, సంగీతమున రీస్ ప్రభువు కొలువులోని యువకుడును గెలిచిరని ఆనాటి చరిత్రకారులు వ్రాసియుంచిరి. విద్వాంసునికి కాలికి గండపెండేరము తొడుగుట మన యాచారము. కుర్చీ వేసి కూర్చుండబెట్టుట వారి యాచారము. నేటికిని ఆ దేశమున ఉత్తమకవికి లభించు ముఖ్య బహుమానము ఒక కుర్చీ.

తరువాతి నాలుగు నూర్ల యేండ్లలో ఆ దేశము ఇంగ్లండునకు లోబడినది. 1567లో కేర్విస్ అను నూర జరిగిన సభ ఎలిజబెత్తు రాణి యాజ్ఞచేత జరిగినది. కవులను పరీక్షించి, యోగ్యులకు అనుమతిపత్రము లిచ్చి, తక్కినవారిని వేరు వృత్తులు చూచుకొనుడని పంపుటయే దాని ముఖ్యోద్దేశము. అనగా పీఠము వేయుటకు పెట్టిన సభ వడపోతకు వచ్చినది. అటుపిమ్మట ప్రభువుల యాదరణ సన్నగిల్లి, ఐస్తెద్వొదులు సత్రపు గదులలో పదిమంది కవులు చేరి పద్యములు చెప్పుకొను గోష్ఠులైనవి. 1789లో లండనునందలి వేల్సు వారు పూనుకొని, లాంగోలెనునకు పదిమైళ్ల దూరముననే యున్న కార్వెన్ పట్టణమున సభ జరిపించి, జనులనందరిని రానిచ్చిరి. అక్కడనుండి మరల ప్రాణము వచ్చినది.

ఇంతలో భాష యేమైనదని మీరడుగవచ్చును. 1588లో విలియం మోర్గన్ అను గురువు బైబిలు గ్రంథమునంతను ఆ భాషలోనికి తెచ్చెను. పదునెనిమిదవ శతాబ్దమున గ్రిఫిత్ జోన్స్ అను మరియొక గురువు, ఒక్కొక్క గ్రామమున కొలది నెలలు మాత్రముండి ముందుకు సాగు సంచార పాఠశాలలను నడపెను. పగలు పిల్లలు, రాత్రి కూలిజనులు అచ్చటనే చదువ నేర్చిరి. ఆ చదువు వారి సొంత భాషలో సాగుటచేతనే అంత వేగముగ వ్యాపించినది. రాజాస్థానములు లేకున్నను చదువ నేర్చిన కాపువాడు, గొల్లవాడు, బొగ్గుగని కూలి ఆ భాషకు దిక్కైరి.

అయినను దెబ్బ రానే వచ్చినది. 1847లో ఇంగ్లండు ప్రభుత్వము నియమించిన మువ్వురు విచారణకర్తలు వేల్సు పాఠశాలలనుగూర్చి నివేదికను ప్రకటించిరి. వారిలో ఎవ్వరికిని ఆ దేశభాష రాదు. ఇంగ్లీషులో ప్రశ్నింపగా తెల్లబోయిన పిల్లలను మందబుద్ధులని వ్రాసికొనిరి. ఆ జనుల వెనుకబాటునకును, నీతిలోపమునకును వారి భాషయే కారణమని తేల్చిరి. ఆ నివేదికల అట్టలు నీలిరంగువి. వేల్సు జనులు నేటికిని దానిని “నీలి పుస్తకముల ద్రోహ”మని పిలుచుచున్నారు. ఆ శతాబ్దమున కొన్ని పాఠశాలలలో మరియొక పద్ధతి యుండెను. చిన్న కొయ్యముక్కపై రెండక్షరములు చెక్కి, వేల్సు భాష మాటాడిన పిల్లవాని మెడలో తగిలించెడివారు. వాడు తనవలె మాటాడిన మరియొకనిని పట్టియిచ్చినచో ఆ ముక్క వానికి మారును. సాయంకాలమున ఎవని మెడలో మిగిలియున్న వానికి బెత్తపు దెబ్బలు. ఇది ప్రభుత్వ శాసనము గాదు, ఉపాధ్యాయుల కల్పన. పెక్కు తావుల తలిదండ్రులును దీనికి సమ్మతించిరి. పిల్లవానికి ఇంగ్లీషు వచ్చిన బ్రదుకు తెరువు దొరకునని వారి యాశ. ఆ యాశను నేను తప్పుపట్టజాలను.

ఈ సంగతి మొదటిసారి చదివినపుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. నేను చదివిన పాఠశాలలలో నొకదానియందు, తెలుగు మాటాడినవాని మెడలో అట్టముక్క కట్టి వరండాలో నిలువబెట్టుచుండిరి. ఐదవ తరగతిలో నుండగా నేనును నిలిచితిని. దాహమగుచున్నదని ప్రక్కవానితో చెప్పుటయే నా నేరము. ఆనాడు నాకు కలిగినది కోపము గాదు, సిగ్గు. సాయంకాలము మా అమ్మ, బడిలో ఏమి జరిగినదిరా అని తెలుగులో నడుగగా, ఆమె మాటాడుటయే తప్పువలె నాకు తోచినది. మెడలోని అట్టను మాస్టరుగారు సాయంకాలమే తీసివేసిరి; ఆ తోచుటను తీసివేసికొనుటకు నాకు చాల యేండ్లు పట్టినది.

కావున నీలి పుస్తకముల తరువాత ఆ ప్రజలు చేసిన పని నాకు మిక్కిలి గొప్పదిగ తోచును. వారు తమ యుత్సవమును పెద్దది చేసిరి. 1858లో ఈ లాంగోలెన్ నందే ఒక మహాసభ జరిగినది. దాని ఫలముగ 1861లో అబర్‌డేర్ అను గనుల పట్టణమున జాతీయ ఐస్తెద్వొద్ ఆరంభమైనది. అది నేటికిని ఆగస్టు మాసారంభమున, ఒక యేడు ఉత్తరమున, ఒక యేడు దక్షిణమున నడచుచున్నది. 1950 నుండి ఆ సభలో సమస్తమును వారి భాషయందే జరుగవలెనను నియమము అమలులోనికి వచ్చినది.

ఆ సభలో పీఠప్రదానము చూడదగినది. కవులు తమ పేర్లు వ్రాయరాదు. మారుపేరుతో కావ్యము పంపి, అసలు పేరును వేరొక మూసిన కవరులో నుంచవలెను. న్యాయనిర్ణేతలకు ఏ కావ్యమును యోగ్యముగ తోపకున్న ఆ సంవత్సరము పీఠము ఖాళీగనే యుండును. యోగ్యమైనది దొరకిన యెడల, వేలకొలది జనులయెదుట ఆ మారుపేరును పిలుతురు. బూరలు మ్రోగును. సభలో ఎచ్చటనో జనులనడుమ కూర్చుండియున్న యొకడు లేచి నిలుచును. అంతవరకు గెలిచినవాడెవడో ప్రక్కనున్నవానికిని తెలియదు. అతనిని వేదికమీదికి తోడ్కొనిపోయి, ఆచార్యుడు ఒక పెద్దఖడ్గమును ఒరనుండి సగముమాత్రము దూసి, “శాంతి యున్నదా?” యని మూడుమార్లడుగును. ప్రతిసారియు జనులు “శాంతి!” యని కేకవేయుదురు. ఖడ్గము మరల ఒరలోనికి పోవును. అది యెన్నడును పూర్తిగా బయటికి రాదు. ఈ తంతులో పెక్కుభాగము యోలో మోర్గానుగ్ అను రాళ్లు చెక్కు పనివాడు 1792లో కల్పించి, ప్రాచీన ఋషులనాటిదని నమ్మించినదే. అబద్ధమని పండితులు తేల్చిరి. అయినను జనులు దానిని విడువలేదు. ఆ కల్పనలో గల యందమునకు లోబడిరని నాయభిప్రాయము.

పీఠము గెలుచుటకు పద్యము ఎట్లుండవలెను? ఇచ్చట మన తెలుగు పండితులు చెవియొగ్గి వినదగిన విషయమున్నది. మన పద్యమునకు యతిప్రాసలున్నట్లు వారి పద్యమునకు “కంగ్‌హానెద్” అను కట్టుబాటు కలదు. హల్లుల మైత్రి యని చెప్పవచ్చును. దానిలో భేదములు నాలుగు. ముఖ్యమైన దానిలో, పాదము మొదటి సగమునందు ఏ హల్లులు ఏ వరుసలో వచ్చినవో, రెండవ సగమునందును అవే హల్లులు అదే వరుసలో రావలెను; అచ్చులుమాత్రము మారవలెను. తెలుగున దృష్టాంతము కావలెనన్న, “గాలి మారె, గోల మీరె” అని నేనొకటి కట్టితిని. గ, ల, మ, ర – రెండు వైపులను అవే హల్లులు. ఇది కవిత్వము గాదు, కొలతబద్ద. ఇట్టి నియమముతో వందలకొలది పాదములు వ్రాయుచు, అర్థమును చెడనీయక, హృదయమును కదలింపవలెను. మనకు యతి పాదమున ఒక్క చోట, ప్రాస రెండవ యక్షరమున. వారికి పాదమంతయు కట్టే. అయినను గొల్లలును, గనికూలీలును దీనిని అభ్యసించి గెలిచిరి. పాఠశాల చదువు కొద్దియైన వారే అందు పెక్కురు.

అట్టివారిలో నొకని కథ చెప్పక ముందుకు సాగలేను. త్రావ్స్‌వనిద్ గ్రామమున ఎల్లిస్ ఇవాన్స్ అను గొల్లపిల్లవాడుండెను. తండ్రి కమతమున గొఱ్ఱెలు కాయుచు కవిత్వము నేర్చి, హెద్ విన్ అను కవినామము పొందెను. ధవళశాంతి యని దాని యర్థము. మొదటి ప్రపంచయుద్ధమున సైన్యమునకు పోవలసివచ్చినది. 1917 జూలైలో ఫ్రాన్సు దేశమున దండు విడిసినచోట “వీరుడు” అను కావ్యమును ముగించి, మారుపేరుతో పోటీకి పంపెను. ఆ నెల 31వ తేదీన బెల్జియమునందు జరిగిన పోరాటమున మడిసెను. వయస్సు 30 ఏండ్లు.

సెప్టెంబరు 6వ తేదీన బర్కన్‌హెడ్ పట్టణమున సభ జరిగినది. ప్రధానమంత్రియు వేల్సు బిడ్డయునగు లాయిడ్ జార్జి ఆ సభలో నుండెను. గెలిచినవాని మారుపేరు పిలిచిరి, ఎవ్వరును లేవలేదు. రెండవమారు పిలిచిరి. మూడవమారు పిలిచిరి. అప్పుడు, ఆ కవి ఐదు వారములక్రిందట యుద్ధభూమిని మరణించెనని ప్రకటించి, పీఠముపై నల్లనివస్త్రము కప్పిరి. అక్కడ పాడవలసినవారు పాడలేకపోయిరని చూచినవారు చెప్పిరి. ఆ పీఠమును అతి సూక్ష్మమైన పనితనముతో చెక్కినవాడు వాన్ ఫ్లెటరెన్ అను శరణార్థి. అతడు యుద్ధమువలన ఇల్లు విడిచి వచ్చిన బెల్జియము దేశస్థుడు. కవి యెవ్వరి నేలపై మడిసెనో ఆ నేలవాని చేతిపనియే కవి యింటికి చేరినది. ఆ నల్లపీఠము నేటికిని ఆ కమతపు ఇంటియందే యున్నది. కవి మేనల్లుడు దాని నెన్నో యేండ్లు కాపాడి, చూడవచ్చినవారికెల్ల తలుపు తీయుచుండెను.

“శాంతి యున్నదా?” యను ప్రశ్నకు ఆ సంవత్సరము ఏమని బదులు చెప్పియుందురో యోచింపుడు.

ఇప్పుడు లాంగోలెనునకు తిరిగి పోవుదము. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా, హెరాల్డ్ ట్యూడర్ అను పత్రికా రచయితకు, ఐస్తెద్వొద్ పద్ధతిని లోకమునకెల్ల తెరచినచో, పోరాడిన జాతులు పాటలయందు కలిసికొనవచ్చునని తోచినది. గ్విన్ విలియమ్స్ అను సంగీతవేత్త దానికి రూపమిచ్చెను. యుద్ధము ముగిసి రెండేండ్లు. రొట్టె మొదలు పెక్కు వస్తువులను చీట్లమీద కొలిచియిచ్చు రోజులు. హోటళ్లు చాలవు. ఊరివారు చందాలు వేసికొని, డేరా యెత్తి, వచ్చినవారిని తమ యిండ్లలోనే దింపుకొనిరి. సరిహద్దులు సరిగ తెరువని ఆ కాలమున ఎవరైన వత్తురాయని చివరివరకు సందేహమే. వచ్చిరి, బుడాపెస్టునుండి హంగేరీ కార్మికుల గాయకబృందము సైతము ప్రయాసపడి వచ్చి చేరినది.

అసలు పరీక్ష 1949లో వచ్చినది. ఆ యేడు జర్మనీ దేశపు లూబెక్ పట్టణమునుండి ఒక గాయకబృందము వచ్చినది. వారికిని ఊరివారికిని నడుమ నాలుగేండ్లక్రిందటివరకు యుద్ధము. డేరాలో కూర్చుండినవారిలో కొడుకులను పోగొట్టుకొన్న తల్లులు, సోదరులను పోగొట్టుకొన్న వారు ఉండకపోరు. వేదికయెక్కునపుడు ఆ పాటగాండ్ర గుండె లెట్లు కొట్టుకొనెనో! జనులు చప్పట్లతో వారిని స్వాగతించిరి. ఒకరి భాష ఒకరికి తెలియదు. పాట ముగిసినపిమ్మట వారును ఇతరులవలెనే ఒకరియింట భోజనమునకు పోవలసినవారే గదా. శత్రువు మన వంటయింటి బల్లయొద్ద కూర్చుండి రొట్టె తినుచున్నపుడు వానిని ద్వేషించుట కొంచెము కష్టము.

1955లో ఇటలీదేశపు మోడెనా పట్టణమునుండి వచ్చిన పురుషగాయక బృందమునకు ప్రథమ బహుమానము లభించినది. ఆ బృందమున తండ్రితోగూడ వచ్చిన 19 ఏండ్ల బాలుడొకడు వరుసలో నిలిచి పాడెను. అతడే తరువాత లోకప్రసిద్ధుడైన లుచ్చానో పవరొట్టి. ఆ గెలుపే తన్ను గాయకుని జేసినదని చెప్పుచు, 1995లో మరల ఆ యూరికి వచ్చి పాడి పోయెను. 1992లో డేరాకు బదులు స్థిరమైన మండపము కట్టిరి. స్వదేశపు జానపదగీతములకును, నృత్యములకును, పిల్లల బృందములకును వేరువేరు పోటీలు కలవు.

జాతీయ ఐస్తెద్వొదున పరభాష వినబడదు. లాంగోలెన్ ఉత్సవమున సమస్త భాషలును వినబడును. ఈ రెండును పరస్పర విరుద్ధములని కొందరందురు. నాకట్లు తోపదు. తన యింటిలో దీపము పెట్టుకొన్నవాడే బాటసారిని రమ్మని పిలువగలడు. చీకటియింటికి ఎవనిని పిలుచును?

ఆ యాచారము సముద్రములను కూడ దాటినది. 1865లో మిమోసా అను నోడపై దక్షిణ అమెరికాయందలి పటగోనియాకు వలసపోయిన వేల్సువారి సంతతి, నేటికిని అర్జెంటీనాలో స్పానిషు భాషతోపాటు ఐస్తెద్వొద్ జరుపుకొనుచున్నారు. మన దేశమునను దాని జాడ యున్నది. 1841లో ఖాసీ కొండలకు వచ్చిన థామస్ జోన్స్ అను వేల్సు మిషనరీ ఖాసీ భాషను రోమను లిపిలో వ్రాయు పద్ధతిని స్థిరపరచెను. చిన్నభాషలో పుట్టిపెరిగినవాడు గనుకనే మరియొక చిన్నభాషను చిన్నచూపు చూడలేదేమో. ఖాసీవారి జాతిగీతము వేల్సు జాతిగీతపు వరుసలోనే పాడబడుచున్నది.

ఇంత చేసినను భాష నిలిచినదా? లెక్కలు నిష్ఠురములు. 1911 జనగణనలో ఆ భాష మాటాడువారు 9,77,000 మంది, అనగా నూటికి 43కు పైగా. 2021లో 5,38,000 మంది. నూటికి 18కి లోపే. 2011లో చేసిన శాసనమున దానికి అధికారభాషా స్థానము లభించినది. 2050 నాటికి పదిలక్షలమందిచే మాటాడింపవలెనని అక్కడి ప్రభుత్వము పూనినది. తెలుగువారము కోట్లలో నున్నాము గనుక మనకేమి భయమని తలిదండ్రులు కొందరు నాతో ననుచుందురు. వేల్సువారికి సంఖ్య లేదు, పీఠమున్నది. మనకు సంఖ్య యున్నది.

మొన్న ఎనిమిదవ తరగతి పిల్లలకు ఈ హల్లుల మైత్రిని బోధించి, ఒక్కొక్కరు ఒక పాదము కట్టి మారుపేరుతో మడిచి తెండని చెప్పితిని. తరగతిలో నలువదిమంది, ముప్పదిమందికి పైగా తెచ్చిరి. చాలవరకు హల్లులు సగములోనే జారిపోయినవి. ఒక్కటిమాత్రము లెక్కకు సరిపోయినది: “పాలు మరిగె, పిల్లి మొరిగె.” ప, ల, మ, ర, గ – రెండు వైపులను తప్పు లేదు. పేరు పిలువగా వెనుకబల్లనుండి ఒక బాలుడు లేచెను. “పిల్లి మొరుగునా నాయనా?” యని అడిగితిని. తరగతి యంతయు నవ్వినది. వాడు నవ్వక, “మొరగదండి. కాని మాస్టరుగారూ, హల్లులు కుదిరినవి గదండీ” అనెను. ఐస్తెద్వొద్ న్యాయము ననుసరించి ఈ సంవత్సరము పీఠము ఎవ్వరికిని లేదని నేను తీర్పు చెప్పితిని. గంట కొట్టినపిమ్మట హాజరుపట్టీ ఇచ్చివచ్చుటకు బయటికి పోయి తిరిగివచ్చునప్పటికి, వాడు నా కుర్చీలో కూర్చుండియుండెను. చుట్టును నిలిచి తక్కినవారు చప్పట్లు కొట్టుచుండిరి.